పందెపు బాటలో చక్రము, బ్రేకు



బండిచక్రమునకు ఇనుపపట్టా ఎక్కించుట ఒకప్పుడు చాలమంది చూచినదే. మా యూరి కమ్మరి పట్టాను పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, ఇద్దరు మనుష్యులు పట్టుకారులతో ఎత్తి పట్టగా, చక్రముపై దింపెడివాడు. కాలినప్పుడు వదులుగా దిగిన పట్టా, నీళ్లు పోసిన తోడనే బిగిసి పూటీలను కఱచి పట్టుకొనెడిది. ఇనుము వేడికి సాగును, చల్లారిన ముడుచుకొనును. ఈ చిన్న సంగతియే నేడు నేను చెప్పదలచిన మోటారు పందెముల చరిత్రకు మూలము. పట్టా సాగుట కమ్మరికి మేలు. మోటారు తోలువానికి అదియే కీడైనది.

బండిని ఆపుట యనగా దాని పరుగును వేడిగా మార్చుట. వేగము రెట్టింపైనచో ఈ వేడి నాలుగు రెట్లగును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారును నిలుపుటకంటె 240 కిలోమీటర్ల వేగముతో పోవుదానిని నిలుపుటలో పుట్టు వేడి పదునాఱు రెట్లు. వెనుకటి కార్లలో చక్రముతో కూడ తిరుగు ఇనుప డ్రమ్ములో రెండు షూలుండి, తోలువాడు పెడలు త్రొక్కగానే విచ్చుకొని డ్రమ్మును లోపలినుండి ఒరసికొనెడివి. షూలకు తొడుగు పట్టీలు మాత్రము మన బండ్లకు చుట్టములే. ఇంగ్లండులో హెర్బర్టు ఫ్రూడు అను నాతడు, కొండదారులు దిగు గుఱ్ఱపుబండ్ల బ్రేకులు నిలువకుండుట గమనించి, 1897లో గట్టి పట్టీలు చేయ మొదలిడెను. అవి మోటారుబండ్లకు ఎక్కినది తరువాతనే.

ఊరి దారిలో ఒకసారి త్రొక్కి విడుచువానికి డ్రమ్ము లోపము తెలియదు. ఫ్రాన్సు దేశమున లెమాన్ అను పట్టణమునొద్ద 1923 నుండి ఇరువదినాలుగు గంటల కారుపందెము జరుగుచున్నది. ఒక్కొక్క చుట్టు సుమారు పదమూడున్నర కిలోమీటర్లు. అందులో 1989 వఱకు ఆఱు కిలోమీటర్లకు దగ్గరగా తిన్నని బాట, దాని కొసను ఒక్కసారిగా కుడిచేతి మలుపు ఉండెడివి. తిన్నని బాటలో ప్రాణము లొడ్డి సంపాదించిన వేగమంతయు ఆ మలుపున బ్రేకుకు అప్పగింపవలసివచ్చెడిది. ఇట్లు పగలు రేయి, ప్రతి చుట్టునను. డ్రమ్ము వేడెక్కి సాగి షూలకు ఎడమగును, పట్టీ కాలి పట్టు తప్పును, పెడలు నేలదాక పోయినను బండి మాట వినదు. ఇంజనులు నానాటికి బలిసినవి గాని, వానిని నిలుపు సాధనము బలియలేదు.

దీనికి మందు ఎప్పుడో పుట్టియున్నది. లాంచెస్టరు అను ఆంగ్లేయుడు 1902లోనే, చక్రముతో తిరుగు పలుచని లోహపు బిళ్లను ఇరుప్రక్కల నుండి పట్టుకారువలె నొక్కు బ్రేకునకు పేటెంటు పొందెను. బిళ్ల వేడెక్కి లావైనను పట్టుకారు దౌడల మధ్యనే యుండును, ఎడము కాదు. పైగా గాలికి బయట నుండుటచే త్వరగా చల్లారును. ఆ కాలమున దౌడలకు తగిన పట్టీలు దొరకక ఆ యుపాయము మూలబడెను. విమానముల చక్రములకై ఇట్టి బ్రేకులు చేసిన డన్‌లప్ కంపెనీవారు జాగ్వారు కంపెనీవారితో కూడి వానిని కార్లకు కుదిర్చిరి. 1952లో రాంస్ నగరమున స్టిర్లింగ్ మాస్ ఆ బ్రేకులుగల కారుతో గెలిచెను. మఱుసటి యేడు లెమాన్‌లో రోల్టు, హామిల్టన్ అను వారు నడపిన జాగ్వారు మొదట వచ్చెను. సరాసరి వేగము గంటకు సుమారు 170 కిలోమీటర్లు. కడవఱకు నమ్మదగిన బ్రేకుండుటచే వారు ఇతరులకంటె ఆలస్యముగా, మలుపునకు మఱింత దగ్గఱగా త్రొక్కగలిగిరి. గెలుపునకు పెద్ద కారణ మదియే యని నా యభిప్రాయము.

అయినను బిళ్ల వేడిని మ్రింగివేయలేదు. ఆ వేడి ఎక్కడికో పోవలెను గదా! పరుగులో నున్నంతసేపు గాలి దానిని కొనిపోవును. అసలు చిక్కు బండి నిలిచిన తరువాత. గాలి ఆగిపోయి, బిళ్లలోని వేడి మెల్లగా లోనికి ప్రాకును. బ్రేకు గొట్టములోని ద్రవము మరగి ఆవిరి పుట్టినచో పెడలు మెత్తనై దిగబడును. ఇరుసునొద్ద బేరింగులలోని కందెన కరగి కారును, చక్రము ఆడసాగును. అందుచేతనే తెలిసినవారు చివరి చుట్టును బ్రేకు ముట్టకుండ మెల్లగా త్రిప్పి, బండిని చల్లార్చి లోనికి తెత్తురు. మఱునాడు చక్రపు మరలు, బేరింగులు, పట్టీల మందము చూడక దారి కెక్కరు. చక్రపు నిర్మాణమును గూడ ఈ వేడియే మార్పించెను. 1954లో వచ్చిన జాగ్వారు పందెపు కారునకు తీగె ఆకుల చక్రములు పోయి, గాలి చొచ్చుటకు రంధ్రములుగల తేలిక లోహపు చక్రములు వచ్చినవి.

1955 జూన్ 11న అదే లెమాన్‌లో జరిగినది చెప్పుటకు నోరాడదు. ముందు పోవు జాగ్వారు వేగము తగ్గించెను. వెనుక నున్న ఆస్టిన్ హీలీ ప్రక్కకు తొలగెను. అంతకంటె మిక్కిలి వేగముతో వచ్చు మెర్సిడెస్ దానికి తగిలి పైకెగిరి, దాని తునుకలు చూపరులలో పడెను. 80 మందికి పైగా మడిసిరి. ఆ మెర్సిడెస్‌కు డ్రమ్ము బ్రేకులే. అవి చాలవని, తోలువాని వెనుక గాలికి అడ్డముగా లేచు పెద్ద రేకు నమర్చియుండిరి. దోషమంతయు బ్రేకులదని నేననను. విచారించినవారు తోలువారిలో ఎవ్వరిని దోషిగా నెంచలేదు, బాట యిరుకును తప్పుపట్టిరి. కాని ఒకే దారిలో ఒకడు చటుక్కున ఆగగలిగి, వెనుకవాడు ఆగలేకుండుట ఎంత భయంకరమో తలచుకొనుడు.

ఒకప్పుడు నేను కనుమదారిలో బస్సులో దిగుచుండగా కాలిన వాసన వచ్చెను. డ్రైవరు ముసలివాడు. బండిని చదునుపై నిలిపి, చక్రముల క్రింద రాళ్లు పెట్టించెను గాని చేతిబ్రేకు లాగలేదు. ఎవరో బిందెతో నీళ్లు తేగా, పోసినచో డ్రమ్ము పగులునని వారించెను. చేతిబ్రేకు ఏల వేయలేదని నేనడిగితిని.

"చల్లారితే ముడుచుకొని షూలను పట్టేస్తుంది బాబూ, బండి పట్టా బిగిసినట్లే. మళ్లీ కదలదు" అనెను.

గంటసేపు అక్కడనే కూర్చుంటిమి. అతడు నడుమ నడుమ లేచి, చక్రపు కుండ నడిమిని వెనుక చేతితో తాకి చూచుచుండెను. ఊరు చేరునప్పటికి దీపములు పెట్టిరి.