విశాఖ రేవులో జలాంతర్గాముల కొలువు

1967 డిసెంబరు 8. అప్పటి సోవియట్ యూనియన్‌లోని రిగా రేవులో, బాల్టిక్ చలిలో, ఒక జలాంతర్గామి మీద భారత నౌకాదళ పతాకం ఎగిరింది. దాని పేరు ఐఎన్‌ఎస్ కల్వరి. తొలి కమాండింగ్ ఆఫీసర్ కమాండర్ కె.ఎస్. సుబ్రమణియన్. మన నౌకాదళానికి జలాంతర్గామి దళం ఏర్పడింది ఆ రోజే. ఏటా డిసెంబరు 8న సబ్‌మెరైన్ డే జరిపేది అందుకే.

పుట్టింది బాల్టిక్ ఒడ్డునే అయినా ఆ దళం పెరిగింది విశాఖపట్నంలో. 1968 వేసవిలో కల్వరి స్వదేశానికి బయలుదేరింది. అంతకు ముందటి ఏడాది అరబ్బు–ఇజ్రాయెల్ యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడింది. దాంతో ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసి వచ్చింది. జూలైలో డాల్ఫిన్స్ నోస్ కొండను దాటి విశాఖ రేవులోకి అడుగుపెట్టింది. అదే ఏడాది మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. విశాఖలో కమాండ్‌కూ, జలాంతర్గాముల కొలువుకూ ఒకే ఏట మొదలు పడింది.

2027 డిసెంబరు 8కి ఈ దళానికి అరవై ఏళ్లు నిండుతాయి. విశాఖలో దాని చరిత్ర ఎత్తితే ఎవరి నోటనైనా ముందు వచ్చే మాట ఘాజీ, 1971 యుద్ధంలో ఈ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి. అది ఒక్క రాత్రి జరిగిన సంగతి. మిగతా ఏళ్లన్నీ బడుల్లో, వర్క్‌షాపుల్లో, డ్రై డాకుల్లో గడిచాయి. దళం బలమంతా అక్కడే తయారైంది.

విశాఖే ఎందుకు?

జలాంతర్గామి ఏం చేయగలదో ప్రపంచానికి తెలిసింది 1914 సెప్టెంబరు 22న. యూ–9 అనే జర్మన్ జలాంతర్గామి ఉత్తర సముద్రంలో గంటన్నర లోపే మూడు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచేసింది. 1,450 మందికి పైగా నావికులు చనిపోయారు. రెండో ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్ మీద సరుకు ఓడలను వేటాడిన జర్మన్ యూ–బోట్లు బ్రిటన్‌ను తిండిగింజలకు కటకటలాడించాయి. ఆ పనికి చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు. యూ–బోట్లలో పనిచేసిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు తిరిగి రాలేదు.

ఆ యుద్ధం విశాఖనూ తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. అప్పటికి రేవు తెరిచి తొమ్మిదేళ్లయినా నిండలేదు. తూర్పు తీరానికి కాపలా లేకపోతే ఏమవుతుందో ఊరివాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన యుద్ధనౌకలు జలాంతర్గాములను పసిగట్టే సాధన చేయాలంటే బ్రిటిష్ జలాంతర్గాముల మీద ఆధారపడవలసి వచ్చేది. 1960ల మొదట్లో మన అధికారులు కొందరు బ్రిటన్‌లో శిక్షణ పొందారు. అక్కడి నుంచి ఆధునిక జలాంతర్గాములు దొరికే దారి మాత్రం కనబడలేదు. దాంతో ఢిల్లీ మాస్కో వైపు తిరిగింది. ఇంగ్లీషులో యంత్రాలు నేర్చుకున్నవాళ్లు రష్యన్ భాష పట్టారు, వ్లదివొస్తోక్‌లో శిక్షణ ముగించుకుని వచ్చారు. కల్వరి తర్వాత 1968–69లో ఖండేరి, కరంజ్, కురుసుర చేరాయి. 1973–74లో వేలా, వాగీర్, వాగ్లీ, వాగ్‌షీర్ వచ్చాయి. మొత్తం ఎనిమిదీ ఫాక్స్‌ట్రాట్ తరగతివే.

వీటికి విశాఖ ఇల్లు కావడానికి కారణాలు నేల మీదా ఉన్నాయి, నీటి కిందా ఉన్నాయి. బొంబాయి రేవు అప్పటికే కిక్కిరిసి ఉంది. విశాఖ లోపలి రేవు కొండ చాటున, తుపాను గాలికి కొంత మరుగున ఉంటుంది. పడమటి తీరంలో లోతు తక్కువ నీళ్లు సముద్రంలోకి చాలా దూరం సాగుతాయి. విశాఖ ముందు అలా కాదు, ఒడ్డు నుంచి ఎక్కువ దూరం పోకముందే లోతు దొరుకుతుంది. మునగవలసిన ఓడకు అంతకంటే కావలసింది ఏముంది? సోవియట్ ఓడల మరమ్మతుకు సోవియట్ సాయంతోనే ఇక్కడ నావల్ డాక్‌యార్డ్ విస్తరించింది.

ఉక్కు గొట్టంలో డెబ్బైఐదు మంది

ఆ తరం జలాంతర్గామి ఎలా ఉండేదో చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర ఎక్కితే చాలు. పొడవు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. ఆ వెడల్పులో సగానికి పైగా యంత్రాలు, పైపులు, వాల్వులే ఆక్రమించాయి. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు, మొత్తం 22 టార్పెడోలు. మనుషులు 75 మంది. ఒక గది నుంచి మరో గదికి పోవాలంటే గుండ్రటి ద్వారంలోంచి నడుం వంచి దూరాలి.

నీటి పైన డీజిల్ ఇంజన్లు, నీటి కింద బ్యాటరీలు. ఫాక్స్‌ట్రాట్ జీవితమంతా ఈ రెండింటి మధ్యే తిరిగేది. డీజిల్‌కు గాలి కావాలి. లోపల మునిగి ఉన్నంతసేపూ బ్యాటరీ తరుగుతూ ఉంటుంది. తరిగాక పైకి వచ్చి గానీ, నీటి పైకి ఒక గొట్టం చాపి గానీ ఇంజన్ తిప్పి మళ్లీ చార్జ్ చేయాలి. శత్రువు కంటపడే గండం ఆ కాసేపే. చల్లటి సముద్రాల కోసం కట్టిన ఓడ బంగాళాఖాతంలోకి వస్తే లోపల ఉక్కపోత చెప్పనలవి కాదు. మంచినీరు కొలిచి వాడుకోవాలి. స్నానం ఊసే ఉండదు.

ఆ బతుక్కి అలవాటు పడినవాళ్లే ఛాతీ మీద డాల్ఫిన్ల బ్యాడ్జి పెట్టుకునేవారు. అది పొందాలంటే తన పని ఒక్కటే తెలిస్తే సరిపోదు. చీకట్లో కూడా ఏ వాల్వు ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పగలగాలి.

ఘాజీ మునిగిన రాత్రి

1971 మే 19న విశాఖలో జలాంతర్గామి స్థావరం ఐఎన్‌ఎస్ వీరబాహు మొదలైంది. ఏడు నెలలు తిరగకుండానే యుద్ధం వచ్చింది.

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అసలు అమెరికాది. 1945లో యూఎస్‌ఎస్ డయాబ్లోగా నౌకాదళంలో చేరి, 1964లో పాకిస్తాన్‌కు వెళ్లింది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరిన దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్. తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఆ సంగతి ఊహించారు. విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపి, అది విశాఖలోనే ఉన్నట్టు భ్రమ కల్పించారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత పెద్ద నౌక పంపినట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. విమానవాహక నౌకకు సరిపడా సరుకులకు ఊరి బజారులో ఆర్డర్లు పెట్టించామని కూడా ఆయన తర్వాత రాశారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గరలో పెద్ద పేలుడు. ఊళ్లో కిటికీలు అదిరాయి. తెల్లారాక మత్స్యకారులకు నీటి మీద తేలుతున్న వస్తువులు దొరికాయి. ఘాజీలోని తొంభైమందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు.

రేవు నుంచి బయటికి వస్తూ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే ఘాజీ మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. ఘాజీ తాను పరచిన మైన్ల వల్లే పేలిందని పాకిస్తాన్ వాదన. చరిత్రకారులు ఇంకా తర్కిస్తూనే ఉన్నారు. తేలిన విషయం ఒకటుంది: ఘాజీ విక్రాంత్‌ను చూడనే లేదు. విక్రాంత్ విమానాలు తూర్పు పాకిస్తాన్ రేవుల మీద నిరాటంకంగా దాడులు చేశాయి. ఆ వారంలోనే, డిసెంబరు 9న, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దియు దగ్గర ఐఎన్‌ఎస్ ఖుక్రీని ముంచింది. 194 మంది మనవాళ్లు పోయారు. జలాంతర్గామి యుద్ధంలోని రెండు ముఖాలూ మన నౌకాదళం వారం తిరగకుండానే చూసింది.

ఘాజీ కథతో 2017లో తెలుగులో సినిమా కూడా వచ్చింది.

బడి, ప్రయోగశాల, మరమ్మతు

యుద్ధం అయ్యాక అసలు పని మొదలైంది. 1974లో ఐఎన్‌ఎస్ శాతవాహన ఏర్పడింది. దేశంలో జలాంతర్గామి సిబ్బందికి బడి ఇదే. రష్యా పోయి నేర్చుకోవలసిన చదువు విశాఖలోని సింధియా దగ్గరికి వచ్చింది. మునిగిన జలాంతర్గామి నుంచి ప్రాణాలతో బయటపడే శిక్షణ కోసం 2024 సెప్టెంబరులో ఇక్కడే వినేత్ర అనే కేంద్రం ప్రారంభమైంది.

శాతవాహన కంటే ముందే, 1969లో, ఎన్‌ఎస్‌టీఎల్ వచ్చింది. నీటి అడుగు ఆయుధాల మీద పరిశోధన చేసే ఈ ప్రయోగశాలలో ఓడల నమూనాలను ఈడ్చి పరీక్షించే 500 మీటర్ల నీటి తొట్టె ఉంది. దశాబ్దాల పాటు విదేశీ టార్పెడోల మీద ఆధారపడిన నౌకాదళానికి ఇక్కడ రూపొందిన బరువైన టార్పెడో వరుణాస్త్రను 2016లో అప్పగించారు. తయారీ హైదరాబాద్ కేంద్రంగా ఉన్న భారత్ డైనమిక్స్‌ది. ప్రయోగశాల మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే నలభై ఏడేళ్లు. నీటి కింద దారి వెతుక్కుని, శబ్దాన్ని బట్టి గురి పట్టే యంత్రం అంత తేలిగ్గా చేతికి రాదు.

మరమ్మతు సంగతి కూడా దాచుకోవలసింది కాదు. హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు 2006లో సింధుకీర్తి అనే జలాంతర్గామి మరమ్మతుకు వచ్చింది. మూడేళ్లలో ముగుస్తుందనుకున్న పని 2015 దాకా సాగింది. ఆ జలాంతర్గామి తొమ్మిదేళ్లు సముద్రం మొహం చూడలేదు. షిప్‌యార్డ్ మీద విమర్శలు వెల్లువెత్తాయి. జలాంతర్గామి పొట్ట కోసి కేబుళ్లన్నీ మార్చి తిరిగి కూర్చడం ఆ యార్డ్‌కు కొత్త విద్య. ఆ ఆలస్యంలో నేర్చుకున్న పని వృథా పోలేదు. తర్వాత ఇక్కడే సింధువీర్ అనే మరో జలాంతర్గామికి కొత్త ఊపిరి పోశారు. 2020లో అది మయన్మార్ నౌకాదళంలో చేరింది.

అణుశక్తి వైపు

డీజిల్ జలాంతర్గామి ఊపిరి కోసం పైకి రాక తప్పదు. అణు రియాక్టర్ ఉంటే ఆ అవసరం లేదు. సిబ్బందికి తిండి ఉన్నంతకాలం లోపలే ఉండొచ్చు. ఆ విద్య నేర్చుకోవడానికి సోవియట్ యూనియన్ నుంచి అణు జలాంతర్గామి ఒకటి అద్దెకు తీసుకున్నారు. ఐఎన్‌ఎస్ చక్ర 1988 ఫిబ్రవరిలో విశాఖ చేరింది, మూడేళ్లు ఉండి 1991లో తిరిగి వెళ్లింది. రెండో చక్ర 2012 నుంచి 2021 దాకా ఇక్కడ పనిచేసింది.

సొంతంగా కట్టే పని మాత్రం ఊరిలోనే, షిప్ బిల్డింగ్ సెంటర్‌లో, పత్రికల్లో మాట పొక్కకుండా ఏళ్ల తరబడి సాగింది. 2009 జూలై 26న ప్రధాని మన్మోహన్ సింగ్ సతీమణి గురుశరణ్ కౌర్ చేతుల మీదుగా అరిహంత్ జలప్రవేశం చేసింది. దాదాపు 6,000 టన్నులు, 83 మెగావాట్ల రియాక్టర్. దాని నమూనా రియాక్టర్ కల్పాక్కంలో నడిచింది. ఓడ దేహపు భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారై వచ్చాయి. 2013 ఆగస్టులో రియాక్టర్ మేల్కొంది, 2016లో అరిహంత్ నౌకాదళంలో చేరింది. 2018 నవంబరు 5న తొలి నిరోధక గస్తీ పూర్తయిందని ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించారు. నేల, గాలి, నీరు మూడింటి నుంచీ అణ్వాయుధం ప్రయోగించగల దేశాల వరుసలో భారత్ చేరింది. 2024 ఆగస్టు 29న రెండోది, అరిఘాత్, విశాఖలోనే చేరింది.

నీటి లోపలి నావకు కబురు పంపడం మరో చిక్కు. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి పోవు. చాలా తక్కువ పౌనఃపున్యం గలవి కొంత లోతుకు చేరతాయి. తమిళనాడులో అలాంటి కేంద్రం ఒకటుంది. రెండోదానికి వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని స్థానికులు, పర్యావరణవేత్తలు నిరసన తెలిపారు. సముద్రం లేని తెలంగాణకు కూడా జలాంతర్గామి చరిత్రలో చోటు దక్కింది. దానికి వెల ఏమిటన్న ప్రశ్న మాత్రం నిలిచే ఉంది.

ఒడ్డుకు వచ్చిన కురుసుర

31 ఏళ్లు పనిచేసి 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకున్న కురుసురను తుక్కుకు పోనివ్వలేదు. ఒడ్డున 600 మీటర్లు లాగి నిలబెట్టడానికి ఏడాదిన్నర పట్టింది, సుమారు ఐదున్నర కోట్ల రూపాయలు ఖర్చయ్యాయి. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మ్యూజియంగా ప్రారంభించారు. లోపల చూపించేది ఎక్కువగా రిటైరైన నావికులే. ఎక్కడ నిద్రపోయేవాళ్లో, టార్పెడో ఎలా ఎక్కించేవాళ్లో అనుభవంతో చెబుతారు.

2017 డిసెంబరు 8న స్వర్ణోత్సవ సందర్భంగా రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జలాంతర్గామి దళానికి ప్రెసిడెంట్స్ కలర్స్ అనే గౌరవ పతాకాన్ని విశాఖలోనే అందించారు. 2025 జూలై 18న హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన నిస్తార్ నౌకాదళంలో చేరింది. మునిగిన జలాంతర్గామి సిబ్బందిని కాపాడే రక్షణ వాహనాన్ని మోసుకుపోగల నౌక ఇది. 1971లో ఘాజీ శకలాలను గుర్తించడంలో పాలుపంచుకున్న పాత నిస్తార్ సోవియట్‌ది. కొత్తదాన్ని కట్టింది ఈ ఊరి వెల్డర్లు, ఫిట్టర్లు.

ఇంత చరిత్రలో పేర్లు దొరికేవి అడ్మిరల్స్‌వి, మంత్రులవి. తొలి ఫాక్స్‌ట్రాట్లలో పనిచేసిన నావికులు ఇప్పుడు ఎనభైలకు చేరారు. గాజువాక, మల్కాపురం వీధుల్లో డాక్‌యార్డ్‌లో రిటైరైన కార్మికులు ఎందరో ఉన్నారు. రహస్యం కానిదంతా వారి నోట విని రికార్డు చేసే పని ఆంధ్ర విశ్వవిద్యాలయం గానీ, కురుసుర మ్యూజియం గానీ తలకెత్తుకోవాలి. 2027 డిసెంబరు 8 లోపే ఆ పని మొదలు కావాలి.