దారమునుండి లోహమునకు

శస్త్రవైద్యుని నేర్పు కోయుటయందుకంటె కట్టుటయందే యధికముగా పరీక్షకు నిలుచును. కాల్చిన యినుముతో నెత్తురు నిలుపుట యాచారమై యున్న కాలమున, 1552లో, ఫ్రెంచి సేనను వెన్నంటి తిరిగిన ఆంబ్రోయిజ్ పారే, కాలు ఖండింపబడిన క్షతగాత్రుని రక్తనాళములను దారముతో ముడివైచెను. దారము లోపల నిలిచిన చీము పట్టునని యెఱిగిన తరువాతి వైద్యులు, దాని కొసలను గాయము వెలుపలికి వ్రేలాడవిడిచి, ముడి యూడివచ్చువఱకు వేచియుండెడివారు. 1869లో శస్త్రవైద్యుడు లిస్టరు కార్బాలిక్ ఆమ్లమున శుద్ధిచేసిన ప్రేగుదారమగు క్యాట్‌గట్టును ప్రచారమునకు దెచ్చుటతో, కొసలు కత్తిరించి గాయమును మూయుటయు, ముడి శరీరమునందే జీర్ణించిపోవుటయు సాధ్యములయ్యెను.

లోహము పిమ్మట వచ్చినది. 1908లో బుడాపెస్టునందు హుమేర్ హుల్ట్ల్ జీర్ణకోశమును కుట్టు యంత్రమును, 1911లో అమెరికాయందు హార్వీ కుషింగ్ వ్రేళ్లు చొరరాని మెదడులోతులకై వెండి క్లిప్పులను వెలువరించిరి. ఊపిరితిత్తుల శస్త్రచికిత్సయందు అట్టి కుట్టు యంత్రమగు స్టేప్లరును సోవియట్ వైద్యులు పెంపొందింపగా, 1958లో ఆ దేశమును దర్శించిన శస్త్రవైద్యుడు మార్క్ రావిచ్ ఆ విద్యను అమెరికాకు గొనిపోయెను.

ఛాతీని విప్పకయే లోన జూచు తెరువు 1910లో స్టాక్‌హోమునందు తెలియవచ్చెను. మూత్రకోశ పరీక్షకై పుట్టిన దర్శినిని అచటి వైద్యుడు యాకోబియస్ ప్రక్కటెముకల సందునుండి చొనిపెను. ఎనుబదేండ్లకు పిమ్మట, కెమెరాయు తెరయు తోడుకాగా, ఊపిరితిత్తి తమ్మెను చిన్నరంధ్రములగుండ తొలగించు పద్ధతి వెలసెను. కాని రంధ్రము చిన్నదగుకొలది చేతిముడికి చోటు తగ్గి, గాయము కుదించిన పుణ్యమునకు వెలగా లోపల లోహమును విడువవలసివచ్చెను.

అట్లు విడిచిన టైటానియము క్లిప్పు సామాన్యముగా శరీరముతో వైరములేక యావజ్జీవము నిలుచును. అరుదుగా మాత్రము, నెలలకో యేండ్లకో, క్లిప్పు స్థానభ్రష్టమై శ్వాసనాళపు గోడను తొలుచుకొని లోనికి వచ్చును. పూర్వులు కొసలు విడిచి కల్పించిన నిర్గమమార్గమును శరీరమే వెదకికొన్నట్లు, ఎడతెగని దగ్గుతో, రక్తపుజీరల కఫముతో, ఒక్కొక్కయెడ ఆ లోహఖండమే నోటివెంట వెడలును. దానిచుట్టు పెరిగిన కండ స్కానులో క్యాన్సరు తిరుగబెట్టెనను భ్రాంతి గొల్పుటయు గలదు. లోహమునకు మారుగా వాడు పాలిమరు క్లిప్పు ఎక్సురేకు సాధారణముగా కానరాదు. పుపుసధమని చెంతనున్న క్లిప్పును తొందరపడి లాగిన ప్రాణాంతకమగు రక్తస్రావము కలుగవచ్చును. కావున ఏ నాళమున నేది విడువబడినదో శస్త్రవైద్యుడు స్పష్టముగా వ్రాసియుంచుటయు, ఏండ్లు గడచిన పిదప దగ్గుతో వచ్చిన రోగిని పాత శస్త్రచికిత్సనుగూర్చి యడుగుటయు, ఈ విద్యలో నేటికిని విడదీయరాని భాగములు.