మాట వెనుక కథ: కంగారూ

తెలుగులో కంగారంటే ఆందోళన. అందుకే బరువు తక్కువ బిడ్డతో రామసముద్రం నుంచి మదనపల్లెకో కుప్పానికో చేరిన కుటుంబం ‘కంగారూ మదర్ కేర్’ అన్న మాట వింటే గుండె జారడం సహజం. నిజానికది ఆస్ట్రేలియా జంతువు పేరు. అక్కడి గూగు యిమిథిర్ భాషలోని ‘గంగుర్రు’ను 1770లో కెప్టెన్ కుక్ ఓడవాళ్లు రాసుకున్నారు. చిక్కుడుగింజంత పుట్టే దాని పిల్ల తల్లి సంచిలోనే పెరుగుతుంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో, డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డలను తల్లుల ఎదకు ఆనించి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. పేరు అలా వచ్చింది.

ఆ పుట్టుక చూసి ఇది మిషన్ దొరకని పేదల సర్దుబాటు అనేవారున్నారు. ఆ వాదన నిలవదు. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో, 1.8 కిలోల లోపు శిశువులపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. ఇంక్యుబేటర్లో, వార్మర్లో ఉంచి, కుదుటపడ్డాక ఎదకు చేర్చినవారికంటే, పుట్టిన వెంటనే చేర్చినవారిలో తొలి 28 రోజుల మరణాలు నాలుగోవంతు తగ్గాయి. టోపీ, లంగోటీ తప్ప బట్టల్లేని బిడ్డను రొమ్ముల మధ్య నిటారుగా ఉంచి, తల ఓ పక్కకు తిప్పి, మెత్తటి గుడ్డతో కడతారు. వెచ్చదనం, పాలు రెండూ అక్కడే. రోజుకు కనీసం 8 గంటలు అవసరమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పచ్చి బాలింతకు అంత ఓపికెక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. నాన్న, అవ్వ వంతులేసుకోవచ్చు. మీ ఇంట రెండున్నర కిలోలకు తక్కువ బిడ్డ పుడితే, కంగారూ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును మీరే అడగండి.