మా మిలిటరీ తాత

చౌడేపల్లె దగ్గర మా సుగాలి తండాలో ఆయన్ని మిలిటరీ తాత అనేవాళ్లం. తుపాకీ పట్టాడనుకున్నాం. ఆయన పట్టింది స్పానర్. వైమానిక దళంలో నాట్ విమానాల మెకానిక్.

బెంగళూరు హెచ్ఏఎల్ కూడా తయారుచేసిన ఆ బుల్లి విమానాలు 1965, 1971 యుద్ధాల్లో పాకిస్తాన్ సేబర్లను కూల్చాయి. గాలిలో ఎంత చురుకో, నేలమీద అంత పేచీ. హైడ్రాలిక్స్ మొరాయించేవి, ఫిరంగులు ఇరుక్కునేవి. బాగుచేసి ఫారం 700లో మెకానిక్ సంతకం పెడితేనే పైలట్ ఎక్కేది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్‌లో నాట్ నడుపుతూ అమరుడై, పరమవీరచక్ర పొందిన నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ పేరు అందరికీ తెలుసు. సంతకాలు పెట్టినవాళ్లను ఎవరడిగారు? మేమూ అడగలేదు, తాత ఉన్నన్నాళ్లూ.

చెదలు అంటకముందే ఆయన డిశ్చార్జి పుస్తకాన్ని ఫొటోలు తీశాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇళ్లలోనూ ఇలాంటి ట్రంకుపెట్టెలుంటే తెరిపించండి.