కదలబోయే ముందు గమనించడం: బర్మా గృహస్థుల విపశ్యన

మనసులో ఆలోచన పుట్టడం ఒక ఎత్తు, దాని వెంట పడి పని చేయడం ఇంకో ఎత్తు. ఈ రెంటి నడుమ క్షణకాలం ఆగి చూడడం నేర్పే సాధనే విపశ్యన. దీని మూలాలు పాలి త్రిపిటకంలో ఉన్నాయి. మజ్ఝిమ నికాయంలోని ద్వేధావితక్క సుత్తంలో బుద్ధుడు బోధికి ముందు తన ఆలోచనలను రెండు పాయలుగా విడదీసుకున్న తీరు చెబుతాడు. కామం, ద్వేషం, హింస ఒకవైపు, వాటికి వ్యతిరేకమైనవి మరోవైపు. దేన్ని మాటిమాటికీ తలపోస్తే మనసు అటే మొగ్గుతుందని ఆయన గుర్తించాడు. ఇందుకు ఆవుల కాపరిని ఉదాహరణగా చూపాడు. వానకారు చివర పైరు ఏపుగా ఉన్నప్పుడు కాపరి ఆవులు చేలో పడకుండా కర్రతో అదిలించాలి. పంట ఊరికి చేరాక చెట్టు కింద కూర్చుని, అవి అక్కడ ఉన్నాయని ఎరిగి ఉంటే సరిపోతుంది.

గ్రంథంలో ఇంత స్పష్టంగా ఉన్నా, చాలా శతాబ్దాలపాటు థేరవాద దేశాల్లో ధ్యానం కొద్దిమంది భిక్షువుల పనిగానే మిగిలింది. గృహస్థులు శీలం పాటించి, భిక్ష పెట్టి, పుణ్యం సంపాదించుకునేవారు. 18వ శతాబ్దంలో మేదావి అనే భిక్షువు బర్మా భాషలో విపశ్యన గ్రంథాలు రాసినా అది జనసామాన్యపు ఆచారం కాలేదు. బుద్ధుని నాటి నుంచి గురుపరంపర తెగకుండా వచ్చిందని సాధకులు నమ్ముతారు. కానీ విపశ్యన ఇంటింటి సాధనగా మారిన చరిత్ర 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లోనే మొదలైంది.

ఆ మార్పుకు ప్రధాన కారణం బర్మా రాజ్యం పోవడం. 1885 నవంబరులో బ్రిటిష్ సైన్యం మాండలే చేరింది. బర్మా రాజు థీబాను రత్నగిరికి పంపేశారు. బౌద్ధశాసనాన్ని పోషించే రాజు లేనప్పుడు ఆ భారం ఎవరు మోయాలి? ప్రజలే మోయాలని లెడి సయడా (1846–1923) అనే భిక్షువు నిశ్చయించుకున్నాడు. ఊరూరా తిరిగి, తేలిక బర్మా భాషలో పుస్తకాలు రాసి, అభిధర్మాన్ని రైతులకూ వ్యాపారులకూ బోధించాడు. లోతైన సమాధి కుదిరేదాకా ఆగనక్కరలేదని, కొంత ఏకాగ్రత చిక్కితే విపశ్యన మొదలుపెట్టవచ్చని చెప్పాడు. ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లకు దారి తెరిచిన మాట ఇదే.

ఆయన శిష్యుల్లో సయా తెట్జీ (1873–1945) రంగూన్ సమీప గ్రామంలోని రైతు, సన్యాసి కాదు. ఒక గృహస్థు సాటి గృహస్థులకు ధ్యానం నేర్పడం ఆనాటికి సాహసమే. ఈ చరిత్ర రాసేవారు ఆయనకు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. ఆయన దగ్గర 1937లో సాధన మొదలుపెట్టిన ఊ బా ఖిన్ (1899–1971) లెక్కల శాఖ ఉద్యోగి. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన 1948లో అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. తన ఆఫీసులోనే సిబ్బందికి ధ్యానం నేర్పాడు. 1952లో రంగూన్‌లో అంతర్జాతీయ ధ్యాన కేంద్రం నెలకొల్పాడు.

ఊ బా ఖిన్‌ది విపశ్యనలో ఒక పాయ అయితే, మరో పాయకు పెద్ద మహాసి సయడా (1904–1982) అనే భిక్షువు. ఆయన 1949లో ప్రధాని ఊ ను ఆహ్వానంపై రంగూన్ వచ్చాడు. ఆయన పద్ధతిలో సాధకుడు ఊపిరితో కడుపు ఉబ్బడాన్నీ తగ్గడాన్నీ గమనిస్తాడు. మధ్యలో ఆలోచన వస్తే ‘ఆలోచన, ఆలోచన’ అని మనసులో గుర్తిస్తాడు. మోకాలు సలుపుతుంటే ఆ సలుపును గుర్తిస్తాడు. ఓర్చుకోలేక కాలు చాపాలనిపిస్తే ముందు ఆ కోరికను గుర్తించాలి. ఆ తర్వాతే, కావాలంటే, మెల్లగా ఒక్కో కదలికనూ ఎరుకతో చూస్తూ కాలు చాపవచ్చు. కదలడం తప్పని ఆయన అనలేదు. తెలియకుండా కదలడాన్నే వద్దన్నాడు.

ఊ బా ఖిన్ పరంపరలో చూపంతా శరీరంలోని వేదనల మీద ఉంటుంది. ఇక్కడ వేదన అంటే బాధ ఒక్కటే కాదు, హాయి కూడా. స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ పుడతాయని ప్రతీత్యసముత్పాదం చెబుతుంది. వేదన పుట్టక మానదు. అది తృష్ణగా మారకుండా ఆపడం మాత్రం మనిషి చేతిలో ఉంది. ఈ పరంపర పదిరోజుల శిబిరంలో గంటసేపు కదలకుండా కూర్చునే అధిష్ఠాన సాధన ఉద్దేశం ఇదే. చెంప మీద దురద పుడుతుంది, చేయి లేవబోతుంది. గోకకుండా చూస్తూ ఉంటే కాసేపటికి దురద దానంతట అదే పోతుంది. కోపం వచ్చినప్పుడు నోరు జారకుండా ఆపేదీ ఈ అలవాటే.

ఊ బా ఖిన్ శిష్యుడు సత్యనారాయణ గోయెంకా (1924–2013) మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. మైగ్రేన్ తలనొప్పి ఆయన్ను 1955లో గురువు దగ్గరకు చేర్చింది. 1969లో భారతదేశం వచ్చి, బొంబాయిలో తొలి శిబిరం నడిపాడు. మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ధమ్మగిరి 1976లో మొదలైంది. 1994 ఏప్రిల్‌లో తిహార్ జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకే శిబిరంలో కూర్చున్నారు. తెలుగువారికి దగ్గరలో, హైదరాబాద్ వనస్థలిపురం వైపు నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త కేంద్రం ఉంది. అక్కడా పదిరోజుల శిబిరానికి రుసుము లేదు. శిబిరం పూర్తిచేసినవారు ఇచ్చే విరాళాలతోనే అది నడుస్తుంది.