మదీనాగూడ నుంచి మదీనా దాకా

మదీనాగూడలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. 2018లో మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు పూర్తయ్యాక, మోకాళ్ల నొప్పులున్న నాబోటివాడికీ పాతబస్తీ దగ్గరైంది. మొన్న మనవడితో ఎం.జి.బి.ఎస్.లో దిగి సాలార్‌జంగ్ మ్యూజియం చూసివచ్చాను.

1962లో, నా పదో ఏట, నాన్నగారు చూపించిన మ్యూజియం ఈ భవనంలో లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ అవివాహితులుగా 1949లో కన్నుమూశారు. ఆయన సేకరించిన వస్తువులతో ఆయన నివసించిన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న నెహ్రూగారు మ్యూజియం ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డుకు మార్చారు. దేవిడీ పోయింది, ద్వారాలు మిగిలాయి. అంతటి కట్టడాన్ని నిలుపుకోలేకపోవడం మన తప్పే.

గడియారం మాత్రం భద్రంగా ఉంది. బుల్లి మనిషి బయటికొచ్చి పన్నెండు కొట్టాడు. మనవడు వేళ్లమీద లెక్కపెట్టాడు. నేనూ అప్పుడు అలాగే లెక్కపెట్టాను.

తర్వాత మదీనా సెంటరులో బిర్యానీ, ఖుబానీ కా మీఠా తిన్నాం. (డాక్టరుగారికి చెప్పకండి!) ఆనాడు నాన్నగారు బిర్యానీ హోటలు ముందు నడక పెంచారు. గుమాస్తా జీతం, నెలాఖరు. ఇద్దరికీ ఒకటే ఇరానీ చాయ్ తెప్పించి, కప్పు నాకిచ్చి, సాసరులో ఒంపుకున్నది తాను తాగారు.