మా నాన్న విత్తనానికి వదిలేసిన క్యాబేజీ గడ్డ

వర్షాలు తెరిపి ఇచ్చాయి, పెరట్లో క్యాబేజీ నారు పోసే టైం వచ్చింది. పోసే ముందు ఈ పంట కథ ఒకసారి చదవండి. నారుమడిలో పని చేసేటప్పుడు గుర్తొస్తుంది.

నేను బడికి పోయే రోజుల్లో మా నాన్న పెరట్లో మొదటిసారి క్యాబేజీ వేశాడు. బాగా పెరిగింది. అందులో అన్నిటికన్నా పెద్ద గడ్డను కోయకుండా విత్తనానికని వదిలేశాడు. బీర, అనుములు, వంకాయ అన్నిటికీ విత్తనం మా అమ్మ బూడిదలో కలిపి దాచేది కదా, ఇది కూడా అంతే అనుకున్నాడు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. పువ్వు రాలేదు. ఎండలు ముదిరాక గడ్డ పగిలి కుళ్ళిపోయింది. "ఇది మన మాట వినే మొక్క కాదురా" అన్నాడు నాన్న. ఎందుకు వినదో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

దీని పుట్టిల్లు యూరప్ సముద్ర తీరాలు. అడవి మొక్కకు గడ్డే ఉండదు, మందపాటి విడి ఆకులే. కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్ అన్నీ ఆ ఒక్క జాతి నుంచి వచ్చినవే. ఎక్కడివాళ్ళు ఏ భాగం ఇష్టపడి విత్తనం ఏరుకుంటూ పోతే అలా మారింది. ఈ పని చేసింది సైంటిస్టులు కాదు, మనలాంటి రైతులే. రోమ్‌లో కేటో అనే పెద్దమనిషి, క్రీస్తుకు 160 ఏళ్ళ ముందు, సేద్యం మీద పుస్తకం రాసి అందులో ఈ కూరను తెగ పొగిడాడు. గట్టి గడ్డ రకాలు మాత్రం చాలా కాలం తర్వాత, యూరప్ చలి ప్రాంతాల్లో తయారయ్యాయి. క్యాబేజీ అనే మాటకు మూలం పాత ఫ్రెంచి భాషలో తలకాయ అని.

1768లో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కినప్పుడు ఉప్పులో పులియబెట్టిన క్యాబేజీ పీపాలకొద్దీ వెంట తీసుకుపోయాడు. నెలల తరబడి పచ్చికూర లేక నావికులకు చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ జబ్బు వచ్చేది. మొదట వాళ్ళు దాన్ని ముట్టలేదు. అప్పుడు కుక్ ఆఫీసర్ల బల్ల మీద రోజూ పెట్టించాడు. పెద్దోళ్ళు తింటున్నారంటే మంచిదే అయ్యుంటుందని అందరూ అడిగి తిన్నారు. మనుషులు ఎక్కడైనా ఒకటే!

మన దేశానికి ఇది యూరప్ వాళ్ళతోనే వచ్చింది. విత్తనం కూడా ఓడల్లోనే వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దారి మూసుకుపోతే, 1942-43లో చలి ప్రాంతమైన క్వెట్టాలో విత్తనం తీయడం మొదలుపెట్టారు. దేశ విభజనలో క్వెట్టా పాకిస్తాన్‌కు పోయింది. ఆ తర్వాత 1949లో హిమాచల్‌లోని కులూ లోయలో, కత్రాయిన్ అనే ఊళ్ళో ఆ పని మళ్ళీ మొదలైంది.

చలి కొండలే ఎందుకంటే, క్యాబేజీది రెండేళ్ళ బతుకు. మొదటి ఏడాది ఆకులన్నీ ముడుచుకుని గడ్డలో తిండి దాచుకుంటుంది. తర్వాత 5 నుంచి 10 డిగ్రీల చలి కొన్ని వారాలు తగిలితేనే పువ్వు కర్ర లేస్తుంది. మన మైదానంలో అంత చలి అన్ని రోజులు ఎక్కడిది? మా నాన్న తప్పేమీ లేదు. ఆ గడ్డ రాని చలికాలం కోసం ఎదురుచూసి చచ్చిపోయింది, అంతే.

ఇప్పుడు ఒక నిజం ఒప్పుకోవాలి. నేను మార్కెట్‌కు వేసిన అర ఎకరం క్యాబేజీని ఇంట్లో వండనిచ్చేవాణ్ణి కాదు. డైమండ్ రెక్కల పురుగుకు ఎన్నిసార్లు మందు కొట్టానో నాకు తెలుసు కాబట్టి. ఒకరోజు మా మనవరాలు "మన చేనులో ఉంటే సంతలో ఎందుకు కొంటున్నావు తాతా" అని అడిగింది. సంతలోది కూడా నాలాంటోడు పండించిందే కదా. సమాధానం చెప్పలేకపోయాను.

ఆ ఏడాది నుంచి పెరట్లో వేసుకుంటున్నా. క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు చుట్టూ ఒక సాలు ఆవాలు, నాటిన 25 రోజులకు ఇంకో సాలు. ఆవాలు దీని చుట్టమే. పురుగు ముందు అక్కడికి పోయి గుడ్లు పెడుతుంది. అక్కడే ఏరేస్తాను, వేపగింజల కషాయం కొడతాను. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు పెద్ద చేలకు చెప్పిన పద్ధతి ఇది, 25 సాళ్ళ క్యాబేజీకి రెండు సాళ్ళ ఆవాలు. నాలుగు వారాల నారు, మొక్కకు మొక్కకు అడుగున్నర ఎడం, చివికిన పశువుల ఎరువు. గడ్డ గట్టిపడ్డాక నీళ్ళు తగ్గించండి, లేకపోతే పగులుద్ది.

ఈసారి మార్కెట్ చేనులో కూడా ఆవాల సాళ్ళు వేస్తున్నా. మందు పూర్తిగా మానేస్తానని గొప్పలు చెప్పను. మా మనవరాలికి పెట్టగలిగిన గడ్డే సంతకు పంపాలని మాత్రం అనుకున్నా. విత్తనం మన చేతిలో లేదు, కొండల నుంచి రావాల్సిందే. మందు డబ్బా మాత్రం మన చేతిలోనే ఉంది కదా.

మీ ఊళ్ళో ఎవరైనా ఆవాలు వేసి చూశారా? ఎలా వచ్చిందో రాయండి.